షార్ట్‌స్టాప్ చోటు కోసం ముగ్గురు

[తెర మీద: ఫ్లోరిడాలోని టాంపా, 2023 మార్చి. ఎండలో ముగ్గురు ఆటగాళ్లు వంతులవారీగా నేలబంతులు అందుకుంటున్నారు.]

నమస్కారం. ఈ ముగ్గురూ కొట్లాడుతున్నది ఒక్క చోటు కోసం. న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టుకి సీజన్ మొదటి రోజున షార్ట్‌స్టాప్‌గా ఎవరు దిగాలి? డెరెక్ జీటర్ అనే మహానుభావుడు 1996 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు ఏలిన చోటది. ఆయన వేసుకున్న 2వ నంబర్‌ని జట్టు ఇంకెవరికీ ఇవ్వదు.

బేస్‌బాల్ చూడనివాళ్ల కోసం ముందు ఈ చోటు సంగతి చెప్పేస్తాను. బ్యాటర్ పరుగు తీస్తూ వరసగా చేరాల్సిన మజిలీలే బేసులు. సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్య నిలబడేవాడే షార్ట్‌స్టాప్. కుడిచేతివాటం బ్యాటర్లు లాగి కొట్టిన బంతి ఎక్కువగా అటే పోతుంది.

[తెర మీద: మైదానం పై నుంచి. ఎర్రగీత బంతి వెళ్లే దారిని చూపిస్తోంది.]

ఇదుగో, ఇక్కడ చూడండి. బంతి థర్డ్ బేస్ వైపు ఖాళీలోకి దూసుకుపోతోంది. షార్ట్‌స్టాప్ తన కుడివైపుకి పరుగెత్తాలి. గ్లవ్ ఉన్నది ఎడమచేతికి, అంటే ఆ చేతిని ఒంటికి అడ్డంగా చాచి, మణికట్టు తిప్పి పట్టాలి. ఒళ్లంతా థర్డ్ బేస్ వైపు తూలుతూ ఉంటుంది, విసరాల్సింది మాత్రం సరిగ్గా అవతలి వైపు, ఫస్ట్ బేస్‌కి. కుడికాలు నేలలో గుచ్చినట్టు ఆపి, అక్కడి నుంచే విసరాలి. దూరం దాదాపు 120 అడుగులు, మన క్రికెట్ పిచ్‌కి ఇంచుమించు రెండింతలు. బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరడానికి పట్టేది నాలుగు సెకన్ల పైచిలుకు. బంతి గ్లవ్‌లో ఒక్కసారి తడబడిందా, ఇక అంతే.

అందుకే ఈ చోటు ఎవరికిపడితే వాళ్లకి ఇవ్వరు.

మొదటివాడు ఐజయా కైనర్-ఫలేఫా, హవాయి కుర్రాడు. 2022 సీజన్ అంతా షార్ట్‌స్టాప్ అతనే. కానీ అక్టోబర్‌లో, అసలైన నాకౌట్ పోటీల్లో, జట్టు అతన్ని పక్కన కూర్చోబెట్టింది. అక్కడే తెలిసిపోయింది, చోటు ఖాళీ అయిందని.

రెండోవాడు ఓస్వాల్డ్ పెరాజా. వెనిజులా. 2022 సెప్టెంబర్‌లో పైజట్టుకి, అంటే అసలు యాంకీస్ జట్టుకి వచ్చి, 18 మ్యాచ్‌ల్లో .306 సగటు కొట్టాడు. పదిసార్లు బ్యాట్ పడితే మూడుసార్లు హిట్ అన్నమాట, ఈ ఆటలో చాలా మంచి లెక్క. తర్వాతి ఏడాది చోటు ఇతనిదేనని చాలామంది అనుకున్నారు.

మూడోవాడు ఆంథొనీ వోల్పే, 21 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ యాంకీస్ అభిమాని. పెరిగింది న్యూజెర్సీలో. 2022లో అతను ఆడిన, యాంకీస్‌కి కింది స్థాయి జట్టయిన సోమర్‌సెట్ పేట్రియట్స్ మైదానం బ్రిడ్జ్‌వాటర్‌లోనే ఉంది. అవును, మనవాళ్లు దర్శనానికి వెళ్లే వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరే. కాకపోతే పైజట్టుకి ఒక్క మెట్టు కింద, ట్రిపుల్-ఏలో, అతను ఆడింది 22 మ్యాచ్‌లే. ఇంకొన్నాళ్లు పండనివ్వాలి అన్నవాళ్ల మాటలోనూ న్యాయముంది.

[తెర మీద: 77వ నంబర్ చొక్కా.]

స్ప్రింగ్ ట్రైనింగ్‌లో, అంటే సీజన్‌కి ముందు జరిగే సాధన శిబిరంలో, ఇలాంటి పెద్ద నంబర్లు కుర్రాళ్లకి ఇస్తారు. వోల్పేకి 77. ఆ నెలరోజులూ అతని బ్యాట్ మోగింది. .300 పైన సగటు, హోమ్ రన్లు (మైదానం దాటించిన బంతులు), దొంగిలించిన బేసులు (బ్యాటర్ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి ఉరికి చేరడం). పెరాజా బ్యాట్ మాత్రం సరిగ్గా అప్పుడే మొరాయించింది. మార్చి 26న మేనేజర్ ఆరన్ బూన్ వోల్పేకి కబురు చెప్పాడు: చోటు నీదే. 77 పోయి, 11 వచ్చింది.

పెరాజాని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. అతను చేసిన తప్పేమీ లేదు, ఒక్క నెల బ్యాట్ కలిసిరాలేదు, అంతే.

మార్చి 30న తొలి మ్యాచ్. వోల్పే మొదటిసారి బ్యాటింగ్‌కి వచ్చి వాక్ (నాలుగు చెడ్డ బంతులకి ఉచితంగా దక్కే ఫస్ట్ బేస్) తీసుకుని, వెంటనే సెకండ్ బేస్ దొంగిలించాడు. స్టేడియం ఊగిపోయింది. ఆ తర్వాత బ్యాట్ చల్లబడింది. జూన్ నాటికి సగటు .200 కిందకి పడింది. వెనక్కి పంపేయాలన్న గొంతులు పెరిగాయి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, పాత స్నేహితుడు ఆస్టిన్ వెల్స్‌ని ఇంటికి పిలిచాడు. ఇద్దరూ చికెన్ పార్మ్ తింటూ పాత వీడియోలు ముందేసుకున్నారు. అప్పుడు దొరికింది లోపం: బ్యాటింగ్‌కి నిలబడే తీరే మారిపోయింది. పాదాలు మళ్లీ పాత చోటికి తెచ్చుకున్నాడు, హిట్లు మొదలయ్యాయి. కోచ్‌ల సైన్యం ఉన్న జట్టులో మందు దొరికింది భోజనాల బల్ల దగ్గర!

అయినా ఏడాది చివరికి సగటు .209. మరి చోటు ఎలా నిలిచింది? 21 హోమ్ రన్లు, 24 దొంగిలించిన బేసులు సాయపడ్డాయి. కానీ అసలు నిలబెట్టింది గ్లవ్. ఆ ఏడాది ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ పురస్కారం అతనిదే. యాంకీస్‌లో తొలి ఏడాదే అది అందుకున్న మొదటి ఆటగాడు. నేను ఈ వీడియో చేయడానికి కారణం ఇదే: మార్చిలో చోటు ఇప్పించింది బ్యాట్, సెప్టెంబర్ దాకా కాపాడింది గ్లవ్.

[తెర మీద: 2025 మే 3. వోల్పే నేలమీదకి దూకి బంతిని అందుకోబోతున్నాడు.]

ఇలా దూకడంలో ఎడమ భుజం దెబ్బతింది. గ్లవ్ తొడిగే చేతి భుజం. అతను ఆడుతూనే ఉన్నాడు. ఆ ఏడాది ఎర్రర్లు, అంటే ఫీల్డింగ్ పొరపాట్లు, 19. అయితే గోల్డ్ గ్లవ్ వచ్చిన 2023లోనూ ఎర్రర్లు 17 ఉన్నాయి! అంటే ఎర్రర్ల లెక్క ఒక్కదాన్నే నమ్మకూడదు. బంతిని చేరుకోనేలేనివాడికి ఎర్రరే పడదు. 2023లో ఇతరులు అందుకోలేని బంతుల దాకా వెళ్లి ఎన్నో అవుట్లు చేశాడు. 2025లో ఆ అందుబాటు తగ్గింది. భుజానికి అక్టోబర్‌లో శస్త్రచికిత్స జరిగింది.

ఈలోపు 2025 జూలై 31న, ఆటగాళ్ల మార్పిడికి ఆఖరి రోజున, యాంకీస్ జట్టు టాంపా బే రేస్ నుంచి హోసే కబాయెరోని తెచ్చుకుంది. పనామా కుర్రాడు, బేసులు దొంగిలించడంలో దిట్ట. ఆ రోజు రేస్ ఆడుతున్నది యాంకీస్‌తోనే. మ్యాచ్ నడుస్తుండగానే కబురొచ్చింది, అవతలి డ్రెస్సింగ్ రూమ్ నుంచి ఇవతలి డ్రెస్సింగ్ రూమ్‌కి నడిచి వచ్చేశాడు. ఆగస్టు నెలాఖరుకి ఒకట్రెండు మ్యాచ్‌ల్లో వోల్పే కూర్చుంటే షార్ట్‌స్టాప్‌గా దిగింది కబాయెరోనే.

అదే జూలై 31న పెరాజాని ఏంజెల్స్ జట్టుకి ఇచ్చేశారు.