కొట్టం లేపేది కబ్జా కాదు, ఆటో చార్జీ

నమస్తే అన్నలూ, అక్కలూ. కర్నూల్లో హంద్రీ ఏటి ఒడ్డున కొట్టాలు, అదే పేదోళ్ళ గుడిసెలు, పీకేయాలి, ఊరి బయట జాగా ఇచ్చినా కదలరు, ఇది కబ్జా కాక ఇంకేంది? మళ్ళీ ఇదే పాట మొదలైంది. నేను ఒకే ఒక్క మాట చెప్తా, కోపమొచ్చినా వినండి. కర్నూల్లో కొట్టం ఎక్కడ లేస్తుందో తేల్చేది కబ్జా బుద్ధి కాదు, ఆటో చార్జీ.

నాకు తెలిసిన ఒక అక్క ఉంది, పత్తికొండ దిక్కు నుంచి వచ్చింది. వానల్లేక ఊళ్ళో సగం మంది గుంటూరు మిరప తోటలకు సుగ్గి, అంటే వలస కూలికి, పోతే, ఆమె మొగుడు బేల్దారి పనికని కర్నూల్లో దిగాడు. ఆమె నాలుగిళ్ళల్లో బోకులు తోముతుంది. పొద్దున ఆరింటికల్లా మొదటి ఇంట్లో ఉండాలి. ఊరి బయట ఆమెకు సెంటు జాగా వచ్చింది, సెంటంటే 48 గజాల చిల్లర. పోయింది, ఆర్నెల్లు ఉంది. పోను ఆటో, రాను ఆటో, నెల తిరిగేసరికి ఒక ఇంటి జీతం మొత్తం ఆటోకే పాయె, మధ్యాహ్నం వచ్చి పిల్లోడికి ఇంత అన్నం పెట్టే దారి కూడా లేదు. తిరిగొచ్చేసింది. పట్టా కాగితం ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టుకుంది, మనిషి మాత్రం ఒడ్డునే ఉంది. ఈమెనా కబ్జాకోరు?

కొట్టం ఎట్లా ఇల్లవుతుందో దగ్గరికి పోయి చూడండప్పా. మొదట నాలుగు కర్రలు, పైన టార్పాలిన్, గాలికి లేవకుండా దాని మీద పాత టైర్లు. ఏడాదికి రేకులొస్తాయి. బేతంచెర్ల బండల్లో విరిగి పక్కన పడేసినవి తెచ్చి నిలబెడితే అదే గోడ. అప్పటిదాకా ఎప్పుడొచ్చి తోసేస్తారోనని ఒకటే టెన్షన్. కరెంటు మీటరు పడిన రోజు ఆ భయం సగం తగ్గుతుంది, ఎందుకంటే బిల్లు మీద పేరుంటుంది, అడ్రసుంటుంది. దాని వెనకే రేషన్ కార్డు, ఓటు, ఇంటి పన్ను రసీదు. అప్పుడు ధైర్యం చేసి చీటీ పాడి ఇటుక గోడ కడతారు. సొంతూరి నుంచి బావమరిది వచ్చి పక్కన దిగుతాడు, వాని వెనక ఇంకొకడు. ఒక్క రాత్రిలో ఎవరూ ఆక్రమించలేదు, కూలి డబ్బులతో ఒక్కొక్క రాయి పేర్చుకుంటూ వచ్చారు.

ఇంకో సంగతి, ఇది చెప్పకుండా నేను ఉండలేను. 1953 అక్టోబర్ 1న మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, ప్రకాశం పంతులు ముఖ్యమంత్రి. ఆఫీసులకు బిల్డింగులు చాల్లేదు, డేరాలు వేసి నడిపారు! పని ఈ ఊళ్ళో ఉంది, నెత్తి మీద కప్పు లేదు, డేరా వేసుకున్నారు. అక్క చేసింది కూడా అచ్చం అదే పని కదా!

వరదొస్తే కొట్టుకుపోతారు, వాళ్ళ మంచికే చెప్తున్నాం అంటారు. ఒడ్డున ప్రమాదమే, ఒప్పుకుంటా. కానీ 2009 అక్టోబర్ గుర్తుందా? తుంగభద్ర, హంద్రీ రెండూ మీద పడితే పాత ఊళ్ళో దస్తావేజులున్న మేడలు కూడా మునిగాయి, జనం మిద్దెలెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ మేడలు పీకేయమని ఎవరన్నా అన్నారా?

బొంబాయి ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ళ కేసులో 1985లోనే సుప్రీంకోర్టు, ఓల్గా టెల్లిస్ కేసంటారు, పని దగ్గర ఉండాలనే వాళ్ళు అక్కడ ఉంటున్నారు, తరిమేస్తే బతుకుదెరువు పోతుంది, బతుకుదెరువు కూడా జీవించే హక్కులో భాగమే అని చెప్పింది. చట్టప్రకారం ఖాళీ చేయించొచ్చనీ అంది, అది దాచను. కానీ కోర్టు నలభై ఏళ్ళ కిందట పట్టుకున్న ముక్క, పని ఎక్కడో మనిషి అక్కడే అనేది, మనం ఇంకా పట్టుకోలేదు. ఊరి బయట జగన్నాథ గట్టు మీద పేదోళ్ళకని సర్కారు టిడ్కో ఇళ్ళు కట్టింది, సంతోషం. కట్టేముందు ఒక్కసారన్నా అడ్డా కూలీని పిలిచి, నువ్వు పొద్దున ఎన్నింటికి అడ్డా మీద ఉండాలి నాయనా అని అడగాలా వద్దా?

ఊరి బయట ఏ కాలనీ కట్టినా సరే, తెల్లారి ఐదున్నరకు అక్కడి నుంచి మార్కెట్ యార్డుకు, అడ్డాకు బస్సు నడపండి. ఏడాది పాటు ఒక్కరోజు తప్పకుండా నడపండి. జేసీబీ సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.