చుక్క పెట్టినా ఆగట్లేదేంది?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే.

మొన్నొక రాత్రి గంటన్నర సేపు ఒక్క బ్రేక్‌పాయింట్‌తో కొట్లాడాను. అదే, ప్రోగ్రామ్ నడుస్తూ ఫలానా లైన్ దగ్గర ఆగాలని ఎడిటర్‌లో పెట్టే ఎర్ర చుక్క. అలా ఆపి తప్పులు వెతకనిచ్చే సాధనమే డీబగ్గర్. నాలుగు వందల లైన్ల జావా మెథడ్, దాన్ని డీబగ్గర్ నడుస్తుండగానే ముక్కలు చేసి కొత్త మెథడ్లలోకి పంపుతున్నా. బిల్లు మొత్తం తప్పొస్తోంది. చుక్క పెడితే ఆగదు, ఇంకోచోట పెడితే ఆగింది గానీ ఎక్కడ? అసలు నడవనే నడవని ఒక కామెంట్ లైన్ మీద! నాకే నిద్ర చాలలేదేమో అనుకున్నా.

డీబగ్గర్‌కు మన కోడ్ అర్థం కాదు. మామూలుగా పెట్టే చుక్క అంటే దానికి ఫైల్ పేరు, లైన్ నంబర్, అంతే. కంపైల్ అయినప్పుడు ఏ లైన్ నుంచి ఏ ఇన్‌స్ట్రక్షన్ వచ్చిందో ఒక పట్టిక తయారవుతుంది. జావాలో అది క్లాస్ ఫైల్‌లోనే ఉంటుంది, లైనక్స్ మీద సీ రాస్తే డ్వార్ఫ్ అనే రూపంలో ఉంటుంది. మనం 120వ లైన్ మీద నొక్కితే డీబగ్గర్ ఆ పట్టిక చూస్తుంది. పట్టిక పొద్దున్నది, కోడ్ రాత్రిది అయితే కామెంట్ మీద ఆగక ఇంకెక్కడ ఆగుతుంది? జావాలో నడుస్తున్న ప్రోగ్రామ్‌లోకి మెథడ్ లోపలి మార్పులు ఎక్కించవచ్చు గానీ, మామూలు జేవీఎం, అంటే జావా ప్రోగ్రామ్‌ను నడిపే యంత్రం, కొత్త మెథడ్ చేరిస్తే ఒప్పుకోదు. నేను చేసిందే అది. ఎడిటర్ మూలన హెచ్చరిక వచ్చే ఉంటుంది, చూసిందెవరు? రీస్టార్ట్ చేస్తే ఆగింది.

మన వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం సంగతి తెలుసు కదా, రాయి రాయి విప్పి, పునాది గట్టి చేసి మళ్లీ నిలబెట్టి 2024లో తెరిచారు. విప్పేటప్పుడు నంబర్లు రాళ్ల మీద వేశారు, నేల మీద కాదు. మన చుక్కలు నేల మీద వేసిన నంబర్లు. ఎడిటర్‌లోనే పైన నాలుగు లైన్లు చేరిస్తే అది చూస్తూ ఉంటుంది కాబట్టి చుక్కను కూడా జరుపుతుంది. అదే టెర్మినల్‌లో గిట్ బ్రాంచ్ మార్చి, అంటే కోడ్ ఇంకో వెర్షన్‌కు మారి వస్తే చుక్క పాత నంబర్ దగ్గరే ఉండిపోవచ్చు, కోడ్ మాత్రం ఇల్లు మారిపోయి ఉంటుంది. కొన్ని ఎడిటర్లలో చుక్క ఎరుపు పోయి బోలుగా కనబడిందంటే దానికి చోటు దొరకలేదని అర్థం, ముందు అది చూడండి.

కండిషన్ పెట్టిన చుక్కలైతే, అంటే ఫలానా షరతు నిజమైతేనే ఆగేవైతే, ఇంకా తలనొప్పి. వేరియబుల్ పేరు మారుస్తాం, చుక్కలో రాసిన కండిషన్‌లో పాత పేరే మిగిలిపోవచ్చు, ఎందుకంటే అది కోడ్‌లో లేదు కదా.

నేనైతే పెద్ద మార్పులప్పుడు ఫంక్షన్ పేరు మీద బ్రేక్ పెడతాను, సీ లాంటి భాషలకు వాడే జీడీబీ అనే డీబగ్గర్‌లో అది ఎప్పటినుంచో ఉన్నదే. జావాలో మెథడ్ బ్రేక్‌పాయింట్ ప్రోగ్రామ్‌ను బాగా నెమ్మది చేస్తుంది, జాగ్రత్త. పైథాన్ 3.7 నుంచి బ్రేక్‌పాయింట్ అనే ఫంక్షనే ఉంది, జావాస్క్రిప్ట్‌లో డీబగ్గర్ అనే మాట ఉంది. ఇవి కోడ్‌లోనే రాస్తాం కాబట్టి కోడ్‌తోపాటే కదులుతాయి, రాయి మీద నంబర్ అన్నమాట. కమిట్ చేసే ముందు తీసెయ్యడం మర్చిపోకండి. నేనొకసారి మర్చిపోతే టీమ్‌లో అందరి ప్రోగ్రాములూ అక్కడే ఆగి కూర్చున్నాయి, ఆ రోజు చాయ్ ఖర్చు నాదే.

ఇక ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఏదైనా జావా మెథడ్‌లో చుక్క పెట్టి డీబగ్‌లో నడపండి, ఆ లైన్లను కొత్త మెథడ్‌లోకి తీయండి, రీస్టార్ట్ మాత్రం చేయకండి. ఎక్కడ ఆగిందో ఒక్కొక్కరు చెప్పండి, ముందు వరుస నుంచి.