గాలికీ రబ్బరుకీ చుట్టరికం

లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర తలా ఒక రబ్బరు బ్యాండ్ ఇచ్చారు కదా, దాన్ని ముందు వాడి చెవి మీదకి గురిపెట్టకుండా కాసేపు జేబులో పెట్టుకోండి, దాంతో పనుంది. ఇక్కడ టేబుల్ మీద చూడండి, స్టాండుకి ఒక వెడల్పాటి రబ్బరు బ్యాండ్ కట్టి కింద తాళంకప్ప వేలాడదీశాను, మా ఇంటి గేటు తాళమే. పక్కన స్కేలు నిలబెట్టాను. ఇంకాసేపట్లో హెయిర్ డ్రయ్యర్‌తో ఈ రబ్బరుని వేడి చేస్తాను. తాళం కిందకి దిగుతుందా, పైకి లేస్తుందా? చేతులెత్తండి. దిగుతుందనే వాళ్ళు... సరే, దాదాపు హాలంతా. లేస్తుందనే వాళ్ళు? ముగ్గురే. అందులో ఒకమ్మాయి పక్కవాళ్ళని చూసి చెయ్యి దించేసింది, ఉంచమ్మా చెయ్యి, ఏం పర్లేదు.

నేను చాలా ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పాను. ఫస్టియర్‌లో స్థితిస్థాపకత, అంటే సాగదీసి వదిలితే మళ్ళీ మామూలైపోయే గుణం, ఒక చాప్టర్, వాయువులు ఇంకో చాప్టర్, మధ్యలో బోలెడు పేజీలు. ఒకదాంట్లో తీగలు, స్ప్రింగులు, ప్రతిబలం, వికృతి. రెండోదాంట్లో బాయిల్, చార్లెస్, అణువులు. రెండిటికీ ఏం సంబంధం లేనట్టే నేనూ చెప్పుకుంటూ పోయాను, పిల్లలూ బట్టీపట్టి రాసేశారు. తీరా చూస్తే ఈ రెండు చాప్టర్లు మొదలైంది ఒకే గదిలో, ఇద్దరు మనుషుల చేతుల్లో.

1650ల చివర్లో ఆక్స్‌ఫర్డ్‌లో రాబర్ట్ బాయిల్ అనే డబ్బున్న పెద్దమనిషి ఉండేవాడు, ఆయన దగ్గర రాబర్ట్ హుక్ అనే కుర్రాడు అసిస్టెంటు. హుక్ చెయ్యి మంచి పనివాడి చెయ్యి, గాజు పాత్రలోంచి గాలి తోడేసే పంపు బాయిల్ కోసం తయారుచేసింది అతనే. ఆ పంపుతో చేసిన ప్రయోగాల గురించి 1660లో బాయిల్ పుస్తకం వేశాడు, దాని పేరులోనే గాలికున్న స్ప్రింగు అనే మాట ఉంది. స్ప్రింగు! నొక్కితే నొక్కించుకుంటుంది, వదిలితే మళ్ళీ లేస్తుంది, గొర్రె ఉన్నిని గుప్పిట్లో నలిపి వదిలినట్టు. గాలి కణాలు ఉన్ని పోగుల్లా చుట్టలు చుట్టుకుని ఉంటాయేమో అని ఆయన ఊహ. ఊహ తప్పే కానీ మాట మాత్రం బాగా దొరికింది.

కొందరు నమ్మలేదు, గాలికి అంత బలమెక్కడిది అన్నారు. వాళ్ళకి జవాబుగా బాయిల్ ఇంగ్లీషు జే అక్షరంలా వంచిన పొడవాటి గాజు గొట్టం తీసుకుని, పొట్టి వైపు మూసేసి అందులో కొంచెం గాలి ఇరికించి, పొడుగు వైపు నుంచి పాదరసం పోశాడు. గొట్టం ఎంత పొడుగంటే గదిలో పట్టక మెట్ల దగ్గర పెట్టి చేశారు, ఒక గొట్టం పగిలి పాదరసం ఒలికిపోతే ఇంకోటి తెచ్చి మళ్ళీ చేశారు. 1662లో వేసిన పట్టికలో లెక్క ఇదీ: గాలి 48 గీతల చోటులో ఉన్నప్పుడు దాని మీద ఒత్తిడి 29 అంగుళాల పాదరసం చిల్లర, 24 గీతలకి కుంచించాలంటే 58 చిల్లర, 12 గీతలకి 117 చిల్లర. గాలి అంతే ఉండి, వేడి మారకపోతే, చోటు సగమైతే ఒత్తిడి రెట్టింపు. అంతే బాయిల్ సూత్రం, ఇంతకంటే ఏం లేదు దాంట్లో.

హుక్ తర్వాత సొంతంగా లోహపు స్ప్రింగుల మీద పడ్డాడు. మనిషి ఎంత గుట్టంటే, 1676లో తను కనిపెట్టిన సూత్రాన్ని 14 అక్షరాలు అకారాది క్రమంలో పేర్చి అచ్చేయించాడు, ఎవడూ చదవలేడు, కానీ రేపు ఇంకెవడైనా అదే కనిపెడితే నేనే ముందు అని చూపించుకోవచ్చు. 1678లో విప్పి చెప్పాడు: సాగుడు ఎంతో బలమూ అంత. లాటిన్‌లో చెప్పాడనుకోండి. బరువు రెండింతలు వేస్తే స్ప్రింగు రెండింతలు సాగుతుంది, కూరగాయల కొట్లో వేలాడే స్ప్రింగు కాటా పనిచేసేది ఈ ఒక్క మాట మీదే.

ఇప్పుడు పరీక్షల్లో పాతబడిపోయిన ప్రశ్న: స్టీలు, రబ్బరు, ఏది ఎక్కువ స్థితిస్థాపకం? ఎక్కువ సాగేది కాబట్టి రబ్బరు అని రాస్తే మార్కు పోతుంది. ఎక్కువ సాగడం గొప్ప కాదు ఇక్కడ, సాగదియ్యబోతే ఎంత గట్టిగా ఎదురుతిరుగుతుంది అన్నదే లెక్క. మీటరు పొడుగు, ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న స్టీలు తీగకి పది కిలోల బరువు కడితే అది సాగేది అర మిల్లీమీటరు, కంటికి కూడా ఆనదు. అంతే పొడుగు, అంతే మందం ఉన్న రబ్బరు దారానికి వంద గ్రాములు కట్టండి, ముప్ఫై సెంటీమీటర్ల పైనే సాగుతుంది. ఈ ఎదురుతిరిగే గట్టిదనాన్నే యంగ్ గుణకం అంటారు, ఒత్తిడిలాగే పాస్కళ్ళలో కొలుస్తారు. స్టీలుకి అది సుమారు 200 గిగాపాస్కళ్ళు, అంటే 2 పక్కన పదకొండు సున్నాలు. గాలిని మెల్లగా నొక్కితే అది ఎదురుతిరిగే గట్టిదనం ఎంతో తెలుసా, దాని పీడనమే దాని గట్టిదనం, అంటే మామూలు గాలికి లక్ష పాస్కళ్ళ చిల్లర. స్టీలుది దానికి ఇరవై లక్షల రెట్లు. రబ్బరు సంగతి కాసేపాగి చెప్తా, ఆ అంకె దగ్గరే ఉంది అసలు మజా.

ముందు గాలి. బండికి గాలి కొట్టించుకునేటప్పుడు పంక్చర్ షాపులో మీటరు 30 చూపిస్తుంది కదా, పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్ల ఒత్తిడి అని. అది టైరు లోపలి మొత్తం ఒత్తిడి కాదు, బయట గాలి కంటే ఎంత ఎక్కువుందో అంతే. టైరు చప్పగా పడిపోయి మీటరు సున్నా చూపించినా లోపల 14.7 ఉంటుంది, బయటున్నంత. చోటు మారకపోతే ఉష్ణోగ్రత ఎన్ని రెట్లయితే గాలి ఒత్తిడీ అన్ని రెట్లవుతుంది. పిల్లలు లెక్కలు తప్పు చేసేది ఇక్కడే, 30 పెట్టి గుణిస్తారు, 44.7 పెట్టాలి. ఉష్ణోగ్రత కూడా అంతే, సెల్సియస్‌కి 273 కలుపుకోవాలి. పొద్దున్నే 25 డిగ్రీల్లో 30 కొట్టించి, మే నెల మధ్యాహ్నం రెంటచింతలలోనో రామగుండంలోనో 45 డిగ్రీల ఎండలో బండి నిలబెడితే టైరులో ఎంతుంటుంది? 44.7ని 318తో గుణించి 298తో భాగిస్తే 47.7, అందులోంచి 14.7 తీసేస్తే 33. మూడే పెరిగింది. దీనికే టైరు పేలదు, పాతబడి అరిగిపోయిన టైరైతే పేలుతుంది, తప్పు ఎండ మీదకి తోస్తాం. రోడ్డు వేడి, టైరు నలుగుడు వేడి కూడా కలుస్తాయి, అది వేరే సంగతి.

గ్యాసు బండ గురించి ఎవరో ఒకరు అడుగుతారు, నేనే చెప్పేస్తా. ఒత్తిడి మీటరు పెడితే సిలిండర్లో ఎంత మిగిలిందో తెలిసిపోదా అని. తెలీదు. 14.2 కిలోల బండలో ఉన్నది ఎక్కువ భాగం ద్రవం, పైన కాస్త ఆవిరి. మీరు స్టవ్ వెలిగించి ఆవిరి వాడేస్తుంటే కింద ద్రవం మరిగి ఆ లోటు పూడుస్తూ ఉంటుంది, అందుకని ద్రవం చివరి చుక్క దాకా ఒత్తిడి ఇంచుమించు ఒకేలా ఉంటుంది, తర్వాత ఠపీమని పడిపోతుంది, అదీ సరిగ్గా చుట్టాలొచ్చిన రోజే. బాయిల్ సూత్రం ఇక్కడ పనికిరాదు ఎందుకంటే ఆవిరి మొత్తం స్థిరంగా లేదు, కింద నుంచి కొత్తది వచ్చి చేరుతోంది. అందుకే బండని తూకం వేసి చూడాలి, లేదా మా అమ్మ చేసినట్టు తడిగుడ్డతో బండంతా తుడిచి చూడాలి, ద్రవం ఉన్న మేర తడి ఆలస్యంగా ఆరుతుంది, పైభాగం ముందే ఆరిపోతుంది. మా అమ్మ చదివింది ఐదో తరగతి.

సరే, స్ప్రింగు దగ్గరికి మళ్ళీ వద్దాం. సైకిల్ పంపు మెల్లగా నొక్కడం వేరు, దబదబా కొట్టడం వేరు. దబదబా కొడితే పంపు అడుగు చురుక్కుమంటుంది, రాపిడి వల్ల అంటారు చాలామంది, కొంత అదీ ఉంది కానీ ఎక్కువ వేడి గాలిదే. లోపలికి దూసుకొచ్చే పిస్టన్‌కి తగిలిన అణువులు వచ్చిన దాని కంటే ఎక్కువ వేగంతో వెనక్కి పోతాయి, ఎదురొచ్చే బ్యాటుకి తగిలిన బంతిలాగా. వేగం పెరగడమంటే వేడెక్కడమే. ట్రాక్టర్ డీజిల్ ఇంజనుకి స్పార్క్ ప్లగ్ ఉండదు చూడండి, గాలిని పదహారో పద్దెనిమిదో వంతుకి ఒక్క దెబ్బతో నొక్కేస్తే అది 500 డిగ్రీలు దాటిపోతుంది, డీజిల్ చిమ్మగానే అంటుకుంటుంది. ఈ వేడి సంగతి లెక్కలోకి తీసుకోక సాక్షాత్తూ న్యూటనే ధ్వని వేగం తక్కువ లెక్కేశాడు. శబ్దం వెళ్ళేటప్పుడు గాలి నలిగేది గబగబా, వేడి బయటికి పోయే టైముండదు, అందుకని గాలి స్ప్రింగు 1.4 రెట్లు గట్టిగా ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర న్యూటన్ పద్ధతిలో సెకనుకి 280 మీటర్లొస్తుంది, నిజానికి 331. ఆ తప్పు దిద్దినవాడు లాప్లాస్ అనే ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త, అదీ న్యూటన్ పోయాక చాలా ఏళ్ళకి.

ఇప్పుడు జేబుల్లోంచి బ్యాండ్లు తీయండి. పెదవికి ఆనించి పట్టుకుని ఒక్కసారి గట్టిగా సాగదీయండి. ఏమైంది? వెచ్చగా తగిలింది కదా. అలాగే సాగదీసి పట్టుకుని పది సెకన్లు ఆగి, ఠక్కున వదులుగా చేసి మళ్ళీ పెదవికి ఆనించండి. చల్లగా ఉంది! ఈ పెదవి ప్రయోగం నాది కాదండీ, 1805లో జాన్ గాఫ్ అనే ఆయన రాసింది. ఇంగ్లండ్‌లో కెండల్ అనే ఊరు, చిన్నప్పుడు మశూచి వచ్చి చూపు పోయింది ఆయనకి. కళ్ళు లేనాయన థర్మామీటరు ఎలా చూస్తాడు, పెదవిని థర్మామీటరు చేసుకున్నాడు. వాయువుల మిశ్రమాల మీద, పరమాణువుల మీద పేరు తెచ్చుకున్న డాల్టన్‌కి కుర్రతనంలో లెక్కలు, సైన్సు నేర్పింది కూడా ఈయనే.

గాలిని నొక్కితే వేడెక్కింది, రబ్బరుని సాగదీస్తే వేడెక్కింది. స్టీలు తీగని సాగదీస్తే మాత్రం రవ్వంత చల్లబడుతుంది. అంటే రబ్బరు గాలి వైపు మనిషి, స్టీలు వైపు కాదు.

ఎందుకలా? స్టీలులో పరమాణువులు వరసగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, సాగదీస్తే ఆ పట్టుల్ని లాగుతున్నాం, అవి వెనక్కి లాగుతాయి. రబ్బరులో అలా కాదు. వేల లింకులున్న పొడవాటి అణువులు, అక్కడక్కడా ఒకదానికొకటి ముడిపడి, ఉష్ణం వల్ల ఊరికే మెలికలు తిరుగుతూ ఉంటాయి. ఇంటర్వెల్లో పిల్లలు చేతులు పట్టుకుని గొలుసాట ఆడతారే, అలా అనుకోండి. ఇరవై మంది పిల్లలు గొలుసులా చేతులు పట్టుకుని ఎవరి ఇష్టమొచ్చినట్టు వాళ్ళు గెంతుతున్నారు. రెండు చివర్లా మీరూ నేనూ పట్టుకుని లైను తిన్నగా చెయ్యాలని లాగుతున్నాం. మనల్ని లోపలికి లాగుతున్నది ఎవరు? ఏ పిల్లాడూ కావాలని లాగట్లేదు, వాళ్ళ గెంతులే లాగుతున్నాయి. తిన్నగా నిలబడే పద్ధతి ఒక్కటే, వంకరగా ఉండే పద్ధతులు లెక్కలేనన్ని, కాబట్టి వదిలితే వంకరే గెలుస్తుంది. పిల్లల అల్లరి ఇంకాస్త పెరిగితే మన చేతుల మీద లాగుడూ పెరుగుతుంది. అల్లరంటే ఇక్కడ ఉష్ణోగ్రత. గాలి గోడని తోసేదీ ఇలాంటి అల్లరితోనే, గాలిది తోపు, రబ్బరుది లాగుడు, అంతే తేడా.

ఆ అంకె చెప్తానన్నా కదా. గాలి పీడనం అంటే ఒక ఘనపు మీటరులో ఎన్ని అణువులున్నాయో, దాన్ని బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకం అనే మారని చిన్న అంకెతో, 273 కలిపిన ఉష్ణోగ్రతతో గుణించడమే. రబ్బరు గట్టిదనానికి కూడా ఇంచుమించు ఇదే ఫార్ములా, అణువుల బదులు ముడికీ ముడికీ మధ్యనున్న గొలుసు ముక్కల్ని లెక్కపెట్టాలి. మెత్తటి రబ్బరుకి అది పది లక్షల పాస్కళ్ళ దరిదాపుల్లో వస్తుంది, గాలికి పది రెట్లు. స్టీలు ఇరవై లక్షల రెట్లు, రబ్బరు పది రెట్లు! చేత్తో పట్టుకుంటే ఘనపదార్థమే గానీ లోపల లెక్క వాయువు లెక్క. అయితే ఇది ఆకారం మార్చేటప్పుడే సుమా, రబ్బరుని అన్ని వైపులా నొక్కి చిన్నది చేద్దామంటే అది నీళ్ళంత మొండిగా ఉంటుంది.

డ్రయ్యర్ ఆన్ చేస్తున్నా. ఆ చెయ్యి దించేసిన అమ్మాయి, నువ్వు రామ్మా, స్కేలు నువ్వే చదువు. ...ఎంత? ఆరు మిల్లీమీటర్లు పైకి. గట్టిగా చెప్పు, వెనక్కి వినపడాలి. తాళం పైకి లేచింది. ఒక చిన్న మోసం ఒప్పుకుంటా, బరువు చాలకపోతే ఈ ప్రయోగం ఫెయిలవుతుంది, రబ్బరు కొంచెమే సాగి ఉంటే అన్ని వస్తువుల్లాగే వేడికి వ్యాకోచిస్తుంది, బాగా సాగి ఉంటేనే కుంచించుకుంటుంది. అందుకే ఇంత లావు తాళం తెచ్చా.

మరి చల్లబరిస్తే? అల్లరి తగ్గుతుంది, ఇంకా చల్లబరిస్తే గొలుసులు బిగుసుకుపోతాయి. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ పైకెళ్ళిన 73 సెకన్లకి ముక్కలైంది, ఏడుగురు పోయారు. బూస్టరు రాకెట్ అతుకుల దగ్గర రబ్బరు రింగులుండేవి, ఆ పొద్దున చలికి అవి వెంటనే సాగి సందు మూయలేకపోయాయి. తర్వాత విచారణలో ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఆ రబ్బరు ముక్కని బిగింపులో బిగించి ఐసు నీళ్ళ గ్లాసులో ముంచి తీసి, బిగింపు విప్పితే అది వెనక్కి రావట్లేదని అందరి ముందూ చూపించాడు. ఒక గ్లాసు ఐసు నీళ్ళు, ఒక చిన్న రబ్బరు ముక్క, అంతే.

డ్రయ్యర్ ఆపేశాను, చూడండి, తాళం మెల్లగా దిగుతోంది. టీ వచ్చినట్టుంది, ప్రశ్నలు టీ తాగుతూ అడగండి. బ్యాండ్లు మీరే ఉంచుకోండి, తాళం మాత్రం ఎవరూ పట్టుకెళ్ళకండి, రాత్రికి గేటు వేసుకోవాలి.