సెలవు మీద ఇల్లు చేరినవారు

శ్రోతలందరికీ నమస్కారం.

గత ఏడాది జూన్ నెలలో ఒక తెల్లవారుజామున సికింద్రాబాదు స్టేషనులో గోదావరి ఎక్స్‌ప్రెస్ కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను. ఆ బండిలో మా తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు వస్తున్నారు. పదకొండేళ్ళ కిందట ఇదే స్టేషనుకు మా సంఘమంతా తరలివచ్చి, దండలు వేసి, పాటలు పాడి, ప్రార్థన చేసి ఆ కుటుంబాన్ని ఒడిశాలోని కోరాపుట్ కొండలకు మిషనరీలుగా సాగనంపింది. వాళ్ళు తిరిగి వచ్చిన రోజున ప్లాట్‌ఫారం మీద ఉన్నది నేనూ, మా ఆయనా మాత్రమే. ఇందులో ఎవరినీ తప్పు పట్టడం లేదు. సాగనంపడానికి ఒక పద్ధతి ఉంది, ఒక వేళ ఉంది, పాడవలసిన పాట ఉంది. అలసిపోయి తిరిగి వచ్చేవాళ్ళకు ఎలా ఎదురువెళ్ళాలో మనకెవరూ నేర్పలేదు.

బండి దిగిన తమ్ముణ్ణి నేను మొదట పోల్చుకోలేదు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది, కళ్ళు పచ్చబడి ఉన్నాయి. మరదలు నర్సు, మాటకారి, ఎక్కడున్నా నలుగురిని నవ్వించే మనిషి. ఆ రోజు ఆమె నాతో అన్నది ఒక్క మాటే: "వదినా, మాకు ఒక గది చాలు, దానికి లోపలి గడియ ఉంటే చాలు." ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. పదకొండేళ్ళపాటు వాళ్ళ ఇంటి తలుపు రాత్రనక పగలనక ఎవరో ఒకరు తడుతూనే ఉన్నారనీ, పురిటి నొప్పులని ఒకరు, పాము కరిచిందని ఒకరు, బిడ్డకు ఫిట్స్ వచ్చాయని ఇంకొకరు వస్తుంటే ఆ తలుపుకు గడియ వేసుకున్న రాత్రే లేదనీ తరవాత కొద్దికొద్దిగా తెలిసింది.

ఆ మరుసటి ఆదివారమే మా సంఘం తమ్ముణ్ణి సాక్ష్యం చెప్పమని పిలిచింది. శ్రోతల్లో క్రైస్తవులు కానివారి కోసం చెబుతున్నాను. సాక్ష్యం అంటే తన జీవితంలో దేవుడు చేసిన మేలును సంఘం ఎదుట నిలబడి చెప్పడం. తమ్ముడు మైకు అందుకుని దాదాపు ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాడు. తరవాత తాను పనిచేసిన ఊళ్ళో ఆ ఏడాది చనిపోయిన ముగ్గురి పేర్లు మెల్లగా చెప్పి, వచ్చి కూర్చున్నాడు. ఆరాధన అయిపోయాక ఒక పెద్దమనిషి ఎంతో ప్రేమగా అతని భుజం మీద చెయ్యి వేసి, "బాప్తిస్మాలు ఎన్ని అయ్యాయి, తమ్ముడూ?" అని అడిగారు. నాకు కోపం వచ్చింది. కానీ ఆ ప్రశ్న అడిగినవారు పదకొండేళ్ళపాటు తమ పింఛనులో నుంచి నెలనెలా ఈ కుటుంబానికి కానుక పంపినవారు. లెక్క అడిగే చనువు ఆయనకు లేదని ఎలా అనగలను?

మిషనరీల విశ్రాంతి సెలవును ఫర్లో అంటారు. ఈ మాట సైన్యంలో నుంచి వచ్చింది, డచ్చి భాషలో దానికి మూలమైన మాటకు అనుమతి అని అర్థం. మన పల్లెల్లో మిషను కాంపౌండ్ల చుట్టూ పెరిగిన పెద్దలు మాత్రం ఆ మాట వాడలేదు, 'దొరగారు సీమకు వెళ్ళారు' అనేవారు. 1869లో సూయజ్ కాలువ తెరుచుకునే వరకు సీమకు వెళ్ళడమంటే ఆఫ్రికా కొసను చుట్టి నెలల తరబడి సాగే ఓడ ప్రయాణం, ఆరోగ్యం బాగుపడడం కోసం ఓడ ఎక్కినవాడు దారిలోనే పోయే ప్రయాణం. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఇద్దరు స్నేహితులు 1841లో కలిసి మచిలీపట్నం వచ్చారు. నోబుల్ ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారైనా స్వదేశం వెళ్ళకుండా 1865లో అక్కడే కన్నుమూశాడు. ఫాక్స్ ఆరోగ్యం చెడి ఇంగ్లండు చేరి 1848లోనే మరణించాడు. మన చర్చిల్లో నోబుల్‌ను తలుచుకున్నంతగా ఫాక్స్‌ను తలుచుకోరు. నిలబడినవాడే వీరుడని, మధ్యలో తిరిగి వెళ్ళినవాడు ఎక్కడో తగ్గాడని అనుకోవడం మనకు అలవాటైపోయింది.

ఆ అలవాటు ఎంత పొరపాటో తెలుగువాళ్ళకు తమ చరిత్రే చెబుతుంది. లైమన్ జ్యూయెట్ అనే అమెరికా బాప్టిస్టు మిషనరీ 1849లో నెల్లూరు చేరాడు. ఒంగోలులో ఇప్పటికీ ప్రార్థన కొండ అని పిలిచే ఆ గుట్ట మీద 1854 జనవరి 1న భార్యతో, కొద్దిమంది తెలుగు విశ్వాసులతో కలిసి ప్రార్థన చేసినవాడు ఆయనే. అప్పటికి ఫలితమంటూ పెద్దగా ఏమీ లేదు. ఈ తెలుగు మిషనును మూసేద్దామనే చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. 1862లో జ్యూయెట్ ఆరోగ్యం దెబ్బతిని ఇంటికి వెళ్ళవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఎవరు చూసినా ఓడిపోయి వచ్చాడనే అనుకుని ఉంటారు. అక్కడ మళ్ళీ మూసివేత మాట వచ్చినప్పుడు, మీరు ఎవరినీ పంపకపోయినా సరే, నేను ఒక్కణ్ణే తిరిగి వెళ్ళి ఆ తెలుగువాళ్ళ మధ్యే చనిపోతానని ఆయన అన్నాడనీ, అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి కదా అని బోర్డు కార్యదర్శి జవాబిచ్చాడనీ చెప్పుకుంటారు. అలా తోడు వచ్చినవాడు జాన్ క్లౌ. 1864 చివర ఓడ ఎక్కి, 1866లో ఒంగోలులో స్థిరపడి, పెను కరువు గడిచాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందిన సందర్భానికి కారకుడైన క్లౌ ఆయనే. జ్యూయెట్ జబ్బుపడి ఇంటికి వెళ్ళకపోతే క్లౌ ఒంగోలుకు వచ్చేవాడా అన్నది నేను మా సంఘంలో కొందరిని అడిగిన ప్రశ్న.

హైదరాబాదు వారికి హెన్రీ మార్టిన్ పేరు ఒక సంస్థగా తెలుసు. 1930లో లాహోరులో మొదలై తరవాత మన నగరానికి వచ్చిన ఆ సంస్థ మతాల మధ్య సంభాషణకు కృషి చేస్తోంది. ఆ పేరుగల మనిషి కొత్త నిబంధనను ఉర్దూలోకి, పారసీలోకి తెచ్చిన అనువాదకుడు. ఛాతీ జబ్బుతో కాన్పూరు విడిచి, పర్షియా మీదుగా ఇంగ్లండుకు వెళుతూ 1812 అక్టోబరులో తురుష్క దేశంలోని తోకాత్ అనే ఊళ్ళో ముప్పై ఒకటో ఏట మరణించాడు. ఇంటికి చేరలేదు. ఆ సంస్థ పేరు కనబడినప్పుడల్లా నాకు ఆయన పాండిత్యం కన్నా ముందు ఆ పూర్తికాని ప్రయాణమే గుర్తుకొస్తుంది.

ఇప్పుడు సీమకు వెళ్ళే దొరలు లేరు. ఈ పని చేస్తున్నవి మన కుటుంబాలే. ఇదీ కొత్తది కాదు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు 1903లో సొంత మిషనరీ సంఘం పెట్టుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతానికి తమ వాళ్ళను పంపారు. ఆ ఉద్యమంలో నుంచి వచ్చిన వేదనాయకం అజరయ్య 1912లో డోర్నకల్‌కు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. ఆనాడు భాష రాని తమిళ కుటుంబాలు మన తెలంగాణ పల్లెలకు వచ్చినట్టే ఇవాళ మన పిల్లలు ఒడిశాకు, ఛత్తీస్‌గఢ్‌కు, ఈశాన్య రాష్ట్రాలకు వెళుతున్నారు. దొరలకు జీతం, సెలవు, కొడైకెనాల్ కొండ మీద వేసవి బంగళా ఉండేవి. మనవాళ్ళకు చాలాచోట్ల సెలవు అన్న పేరే ఉంటుంది. ఆ సెలవులోనూ ఈ ఆదివారం మల్కాజిగిరిలో, వచ్చే ఆదివారం బొల్లారంలో, మధ్యలో ఉపవాస కూటాల్లో తిరుగుతూ, మాట్లాడుతూ, వచ్చే ఏడాదికి కావలసిన ఆధారం కూడగట్టుకోవాలి. దీనికి డెప్యుటేషన్ అని పేరు. విశ్రాంతి కోసం వచ్చినవాళ్ళు విశ్రాంతి తీసుకోకుండా తిరిగి వెళ్ళడం నేను కళ్ళారా చూశాను.

తమ్ముడి జ్వరం సంగతి చెప్పాలి. వచ్చిన పన్నెండో రోజున చలితో వణుకుతూ మంచం పట్టాడు. పరీక్షలో వైవాక్స్ రకం మలేరియా అని తేలింది. ఈ రకం పరాన్నజీవి రక్తంలో నుంచి పోయినట్టే పోయి, కాలేయంలో నిద్రాణంగా దాక్కుని, వారాలకో నెలలకో మళ్ళీ లేస్తుంది. అందుకే జ్వరం తగ్గించే మాత్రలతో ఆగకుండా ప్రిమాక్విన్ అనే మందును పద్నాలుగు రోజులు వాడాలంటారు. కొందరి రక్తంలో ఒక ఎంజైము లోపం ఉంటే ఆ మందు హాని చేస్తుంది కనుక ముందు పరీక్ష చేయించుకుని, వైద్యుడు చెప్పాకే వేసుకోవాలి. కొండల్లో ఉన్నప్పుడు తమ్ముడు ప్రతిసారీ మూడు రోజులు మాత్రలు వేసుకుని, ఒళ్ళు చల్లబడగానే లేచి పనిలోకి వెళ్ళేవాడట. నలుగురికి మందు పూర్తిగా వాడమని చెప్పే నర్సు ఇంట్లోనే ఈ తంతు! బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గర ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది అక్కడే. పద్నాలుగో మాత్ర వేసుకున్న రోజు సాయంత్రం తమ్ముణ్ణి అటు నడకకు తీసుకువెళ్ళాను. గేటు బయట నిలబడి చాలాసేపు చూసి, "అక్కా, ఇది మన ఇంటికి ఇంత దగ్గరని నాకు తెలియనే తెలియదు" అన్నాడు.

ఒంట్లో జ్వరానికి మాత్ర ఉంది. ఇంకో అలసటకు ఉన్నది కాలమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్ అనే స్థితిని జబ్బుగా కాక, తీరని పని ఒత్తిడి వల్ల పుట్టే పరిస్థితిగా వర్ణించింది. మరదలు కౌన్సిలరు దగ్గరకు వెళ్ళడానికి మొదట ఒప్పుకోలేదు. విశ్వాసం తగ్గిందంటారేమోనని ఆమె భయం. అప్పుడు మా పాస్టరమ్మ ఏలీయా కథ గుర్తుచేశారు. ఎడారిలో చెట్టు కింద పడుకుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్న ఆ ప్రవక్తకు దేవదూత ప్రసంగం చెయ్యలేదు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, కూజాలో నీళ్ళు పెట్టి, తిని పడుకోనిచ్చి, మళ్ళీ లేపి మళ్ళీ తినిపించాడు. ఆ పోలికకు మరదలు నవ్వింది. వచ్చాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. మరుసటి వారం కౌన్సిలరు దగ్గరకు వెళ్ళింది.

పెద్దవాళ్ళు ఇంటికి వచ్చారు. మరి పిల్లలు? వాళ్ళకు కోరాపుటే ఇల్లు. 1950లలో మన దేశంలోని అమెరికన్ కుటుంబాలను పరిశీలించిన సమాజ శాస్త్రవేత్త రూత్ యూసీమ్ ఇలాంటి పిల్లలకు మూడో సంస్కృతి పిల్లలని పేరు పెట్టారు. తల్లిదండ్రుల ఊరికీ పూర్తిగా చెందక, పెరిగిన ఊరికీ పూర్తిగా చెందక, రెండింటి మధ్య తమదైన లోకం కట్టుకుని బతికే పిల్లలు వాళ్ళు. మా మేనకోడలికి పదేళ్ళు. చిలకలగూడలో మూడో అంతస్తులో, కిటికీలన్నిటికీ జాలీ ఉన్న మా ఇంట్లో కూడా రాత్రి తొమ్మిది కాగానే దోమతెర కట్టి, దాని అంచును నాలుగు వైపులా పరుపు కిందికి వేళ్ళతో దోపి, ఒక మూల వదిలానేమోనని మళ్ళీ చుట్టూ తిరిగి చూసుకునేది. ఎనిమిదేళ్ళ చిన్నవాడు నిద్రలో కోరాపుట్ కొండల్లో మాట్లాడే దేసియా భాషలో మాట్లాడేవాడు. బడిలో తెలుగు చదవడం రాదని పిల్లలు నవ్వారని ఏడ్చిన రోజున వాడు నన్ను అడిగింది ఒకటే: "అత్తా, మా ఊరికి మళ్ళీ ఎప్పుడు వెళతాం?" గల్ఫు నుంచి తిరిగి వచ్చిన కుటుంబాల్లో, సరిహద్దుల నుంచి బదిలీ మీద వచ్చిన సైనికుల ఇళ్ళల్లో కూడా ఈ ప్రశ్న వినబడే ఉంటుంది.

మా సంఘం ఆలస్యంగానైనా తెలుసుకుంది. జ్వరం తరవాత పాస్టరుగారు పెద్దల కూటంలో మూడు నెలలపాటు ఈ కుటుంబానికి ఎవరూ మైకు ఇవ్వకూడదని తీర్మానం చేయించారు. కానుక మాత్రం ఆగలేదు. స్త్రీల సమాజం వారు వారానికి ఒక పూట వంట చేసి తెచ్చి, గిన్నెలు గుమ్మం దగ్గర పెట్టి, లోపలికి రాకుండానే వెళ్ళేవారు. ఒక రిటైర్డు తెలుగు మాష్టారు చిన్నవాడికి రోజూ గంటసేపు గుణింతాలు చెప్పారు. బాప్తిస్మాల లెక్క అడిగిన పెద్దమనిషే తమ్ముణ్ణి దంత వైద్యుడి దగ్గరకు, బ్యాంకుకు, ఆధార్ కేంద్రానికి తన స్కూటరు మీద తిప్పారు. ఆ తిరుగుడులో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు గాని, ఆయన మళ్ళీ లెక్క అడగలేదు.

బైబిలు కొత్త నిబంధనలో ఒక ఉత్తరం ఉంది. ఫిలిప్పీ అనే ఊరి సంఘం పంపగా తన దగ్గరకు వచ్చి, చావు అంచుదాకా జబ్బుపడిన ఎపఫ్రొదితు అనే సేవకుణ్ణి తిరిగి అతని ఊరికి పంపుతూ, ఇతణ్ణి సంతోషంతో చేర్చుకోండి, ఇలాంటివారిని గౌరవించండి అని అపొస్తలుడైన పౌలు ఆ సంఘానికి రాశాడు. ఎందుకు తిరిగి వచ్చావని ఎవరూ అడగకముందే రాసిన ఉత్తరంలా ఉంటుంది అది. మా తమ్ముడి వెంట అలాంటి ఉత్తరం రాలేదు. ఈ పది నిమిషాల్లో నేను చెప్పిందాన్ని ఆ ఉత్తరం అనుకోండి.

ఇప్పుడు ఏప్రిల్ వచ్చింది. తమ్ముడు నాలుగు కిలోలు బరువు పెరిగాడు, ఆదివారాల్లో వెనక బెంచీలో కూర్చుని పాడుతున్నాడు. మరదలు పగలు గడియ తీసే ఉంచుతోంది. పిల్ల దోమతెర ఇంకా కడుతూనే ఉంది, ఒక్కోసారి మాత్రం ఒక వైపు దోపడం మరిచిపోతోంది. తిరుగు ప్రయాణానికి టికెట్లు ఇంకా తీయలేదు. ఎప్పుడు తీస్తారని మా ఇంట్లో ఎవరూ అడగడం లేదు.

సెలవు.