చిన్నాయన తుపాకీ లెక్క

హాయ్ అండీ, జ్యూరిక్ నుంచి మొన్ననే దిగాను. ఇప్పుడు చిత్తూరు కొంగారెడ్డిపల్లెలో మా చిన్నాయన ఇంటి వరండాలో ఉన్నాను. పిన్ని చేసిన రాగిసంగటి, ఊరిబిండి వీడియో తర్వాత పెడతాను.

స్విట్జర్లాండ్‌లో శుక్రవారం సాయంత్రం రైలెక్కితే ఎదురు సీట్లో పంతొమ్మిదేళ్ల కుర్రాడు, చేతిలో ఫోను, పక్కన రైఫిల్! కొత్తలో నాకు చెమటలు పట్టాయి. అక్కడ సైనిక శిక్షణలో ఉన్నవాళ్లు తుపాకీతోనే ఇంటికెళ్తారు. తూటాలు మాత్రం ఇంట్లో పెట్టుకోమని ఇవ్వడం 2007లోనే ఆపేశారు. సర్వీసు అయ్యాక 100 ఫ్రాంకులు కట్టి రైఫిల్ సొంతం చేసుకోవచ్చు. ఊరికే ఇచ్చేయరు లెండి. పర్మిట్ కావాలి, గడిచిన 3 ఏళ్లలో తుపాకీ షూటింగ్‌కు హాజరైనట్టు రికార్డు ఉండాలి. ఆగకుండా పేల్చే ఏర్పాటు తీసేసి మరీ ఇస్తారు.

ఇదంతా చెప్తే ఆర్మీలో హవల్దారుగా చేసొచ్చిన మా చిన్నాయన మొహంలో ఏ మార్పూ లేదు.

"మాకు కోత్‌లో సంతకం పెడితేనే రైఫిల్ చేతికొచ్చేది. పని కాగానే తుడిచి, నూనె రాసి, మళ్లీ అప్పజెప్పాల. ఫైరింగ్ అయినాక ఖోకాలు కూడా లెక్కే నాయనా. ఒకసారి ఒకటి తగ్గింది. పొద్దుగూకే దాకా కంపెనీ అంతా గడ్డిలో మోకాళ్ల మీద దేవులాడినాం. ఆఖరికి ఇసుక మూట మడతలో దొరికింది."

కోత్ అంటే ఆయుధాలు భద్రపరిచే గది. ఖోకా అంటే కాల్చాక మిగిలే తూటా ఖాళీ తొడుగు. రిటైరయ్యేటప్పుడు క్లియరెన్స్ కాగితం మీద కోత్ వాళ్ల సంతకం కూడా పడాలట. రైఫిల్ బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం మీద రాసిన నంబరు మాత్రం ఈయనకు ఇప్పటికీ నోటికొచ్చు.

"మరి బీరువాలో ఉండేది?" అన్నాను.

అది సొంతం. రిటైరయ్యాక బ్యాంకులో గన్‌మన్ పనికోసం లైసెన్సు తీసుకుని కొన్న డబుల్ బ్యారెల్. కెమెరా అటు తిప్పబోతే చెయ్యి అడ్డం పెట్టేశాడు. బదులుగా ఓ రసీదు చూపించాడు, నంబరు మీద బొటనవేలు పెట్టి. 2024 ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చేస్తే ఇచ్చింది. తుపాకీ ఎప్పుడో తిరిగొచ్చింది, రసీదు మాత్రం ప్లాస్టిక్ కవర్లో భద్రం.

కవరు మడిచి లోపల పెట్టి వచ్చి, చిన్నాయన అడిగిన ఒకే ఒక్క ప్రశ్న:

"ఆ 100 ఫ్రాంకులకు రసీదు ఇస్తారా?"