సగం గుండె: లండన్ శిశు ఆశ్రమంలో తల్లులు వదిలిన ఆనవాళ్ళు

అందరికీ నమస్కారమండీ. ఇవాళ ముందుగా మీకొక గుడ్డముక్క చూపించాలి. తెర మీద పెడుతున్నాను, కాస్త దగ్గరికొచ్చి చూడండి. రంగు గుడ్డల అతుకులు కలిపి కుట్టిన చిన్న ముక్క. దాని మీద ఎర్రదారంతో గుండె బొమ్మ. సగమే ఉంది. కత్తెర పెట్టి నడిమికి కత్తిరించేశారు. మిగతా సగం ఒక తల్లి దాచుకుంది. ఈ సగం ఆమె బిడ్డతో పాటు లండన్‌లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్ లోపలికి వెళ్ళిపోయింది. 1767 ఫిబ్రవరిలో సంగతి. బిడ్డ పేరు చార్లెస్. ఆశ్రమం లెక్కలో 16516వ బిడ్డ.

హాస్పిటల్ అంటే ఇక్కడ వైద్యశాల కాదు. దిక్కులేని పసిపిల్లల్ని పెంచే ఆశ్రమం.

ఈ గుడ్డముక్క ఎందుకు తెచ్చానంటే, మన జిల్లా పేజీల్లో ఏడాదికి ఎన్నిసార్లో ఒక వార్త వస్తుంది. ముళ్ళపొదల్లో పసికందు, బస్టాండులో పసికందు, కాలవగట్టున పసికందు. పక్కనే పెద్దక్షరాల్లో "కసాయి తల్లి". ఆ రెండు మాటలు చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఆ తల్లి ఎవరో తెలీదు, ఏ పరిస్థితిలో ఉందో తెలీదు. తీర్పు మాత్రం పొద్దున్నే కాఫీతో పాటు మన చేతికొచ్చేస్తుంది. ఇలాంటి తల్లులు ఏం ఆలోచించారో వాళ్ళ చేతి ఆనవాళ్ళతోనే తెలిసే చోటు ఒకటుంది. అందుకే లండన్ దాకా వెళ్తున్నాం.

ఈ ఆశ్రమం పెట్టించిన థామస్ కోరమ్ ఓడలు నడిపినవాడు, అమెరికాలో మాసచూసెట్స్‌లో ఓడలు కట్టినవాడు. లండన్‌కి తిరిగొచ్చాక రోథర్‌హైత్‌లో ఉండేవాడు. వ్యాపారం పని మీద తెల్లవారుజామున నగరంలోకి నడిచి వెళ్ళి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాడు. ఆ దారి పక్కన పసిపిల్లలు పడి ఉండేవాళ్ళు. కొందరు చచ్చిపోయి, కొందరు చావబోతూ. లక్షలమంది ఆ దారుల్లో నడిచే ఉంటారు, చూసే ఉంటారు. ఆయన మాత్రం చూసి ఊరుకోలేకపోయాడు. ఆయనకి పిల్లల్లేరు.

అప్పటికే ఇటలీలో ఇలాంటి ఆశ్రమాలు పాతబడిపోయాయి. ఫ్లారెన్స్‌లో పట్టు వర్తకుల సంఘం కట్టించిన ఇన్నొచెంటి ఆశ్రమం 1445లోనే తొలి బిడ్డను చేర్చుకుంది. ఆడపిల్ల, పేరు అగాత. మరి లండన్‌కి ఇంకో మూడొందల ఏళ్ళు ఎందుకు పట్టింది? పెళ్ళికాని తల్లుల పిల్లల్ని చేరదీస్తే తప్పుని ప్రోత్సహించినట్టే అని పెద్దమనుషుల వాదన. కోరమ్ ఎక్కని గడప లేదు. 17 ఏళ్ళు తిరిగాడు. చివరికి దారి చూపించింది ఆడవాళ్ళే. 1729లో సోమర్సెట్ డచెస్ షార్లెట్ మొదటి సంతకం పెట్టింది. ఆమె వెనకాల మరికొందరు గొప్పింటి ఆడవాళ్ళు, మొత్తం 21 మంది, రాజుకి పెట్టే అర్జీ మీద సంతకాలు చేశారు. ఆ పేర్లు చూశాక మగవాళ్ళకీ ధైర్యం వచ్చింది. 1739 అక్టోబరు 17న రెండో జార్జ్ రాజు అనుమతి పత్రం ఇచ్చాడు.

ఇక మొదటి రాత్రి. ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను.

1741 మార్చి 25. హాటన్ గార్డెన్ అనే చోట అద్దె ఇల్లు. రెండు నెలలు దాటని బిడ్డలనే తీసుకుంటామని ముందే ప్రకటించారు. రాత్రి ఎనిమిదింటికి గుమ్మం దగ్గర దీపాలు ఆర్పేశారు. ఎందుకో తెలుసా? బిడ్డని తెచ్చే మనిషి మొహం ఎవరికీ కనపడకూడదని. నువ్వెవరు, ఎక్కణ్ణించి వచ్చావు అని అడగకూడదు. పొత్తిళ్ళలో బిడ్డ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి, చీకట్లో. అర్ధరాత్రికల్లా 30 మంది బిడ్డలు చేరారు, ఇల్లు నిండిపోయింది. బయట వీధిలో ఇంకా తల్లులు నిలబడే ఉన్నారు.

ఆ రాత్రి జరిగింది ఆశ్రమం వాళ్ళే పుస్తకంలో రాసిపెట్టారు. బిడ్డని చేర్చుకోలేదని ఏడ్చిన ఆడవాళ్ళూ, చేర్చుకున్నారు కాబట్టి విడిచిపోతున్నామని ఏడ్చిన ఆడవాళ్ళూ, ఇద్దరి ఏడుపుకీ పెద్ద తేడా కనపడలేదట. ఆ మాట చదివి నేను చాలాసేపు ముందుకి వెళ్ళలేకపోయాను. చేర్చుకుంటే ఏడుపు, చేర్చుకోకపోతే ఏడుపు.

మర్నాటి నుంచీ సమస్య ఒకటే. ఉన్న ఊయలలు కొన్ని, వచ్చే తల్లులు ఎందరో. గుమ్మం దగ్గర తోపులాటలు. దాంతో 1742లో లాటరీ పెట్టారు. అవునండీ, బిడ్డలకి లాటరీ. సంచీలో రంగు బంతులు వేస్తారు. తల్లి చెయ్యి పెట్టి ఒకటి తీయాలి. తెల్లబంతి వస్తే బిడ్డకి వైద్య పరీక్ష చేసి చేర్చుకుంటారు. ఎర్రబంతి వస్తే ఆగాలి, తెల్లబంతి వచ్చిన బిడ్డల్లో ఎవరికైనా రోగం ఉందని తిప్పి పంపితే అప్పుడు చోటు. నల్లబంతి వస్తే బిడ్డనెత్తుకుని వెనక్కి. అందరికీ సమానంగా అవకాశం అన్నారు. నిజమే కావచ్చు. కానీ ఆ సంచీలో చెయ్యి పెట్టిన తల్లి వేళ్ళు ఎలా వణికి ఉంటాయో ఊహించండి.

లోపలికి వెళ్ళిన బిడ్డకి ఏం చేసేవాళ్ళు? ఒక అచ్చు కాగితం ఉండేది. ఆడా మగా, ఎన్ని రోజుల బిడ్డ, వేసుకున్న బట్టలేంటి, ఒంటి మీద గుర్తులేంటి, అన్నీ గుమాస్తా రాసుకునేవాడు. తర్వాత కొత్త పేరు. తల్లి పెట్టిన పేరు ఆశ్రమంలో ఉండదు. మెడలో నంబరు వేసిన సీసపు బిళ్ళ. ఇక ఆనవాలు. ఎప్పుడో ఒకనాడు తల్లి తిరిగొస్తే, ఇది నా బిడ్డే అని చూపించుకోవడానికి ఒక గుర్తు కావాలి కదా. హనుమ చేతిలో సీతమ్మ చూడామణి పెట్టింది చూడండి, అలాంటిదే.

ఆ తల్లుల దగ్గర చూడామణులు ఎక్కడివి? చాలామందికి సంతకం పెట్టడం కూడా రాదు. ఒకామె అరిగిపోయిన నాణెం ఇచ్చింది, ఒకామె బొత్తాం ఇచ్చింది. ఒకామె దగ్గర అదీ లేదు కాబోలు, బాదంకాయలాంటి హేజెల్ కాయ డొప్ప ఒకటి పెట్టింది. ఎక్కువమందివి మాత్రం గుడ్డముక్కలే. తన గౌను అంచో, బిడ్డ చొక్కా చేతి ముక్కో, ఒక రిబ్బనో. వాటిని ఆ అచ్చు కాగితానికి గుండుసూదితో గుచ్చి, మడిచి, లక్క ముద్ర వేసి దాచేవాళ్ళు. అలాంటి గుడ్డలు ఇప్పటికీ సుమారు 5,000 ఉన్నాయి. పువ్వుల అచ్చులు, చారలు, గళ్ళు. రెండున్నర శతాబ్దాల కిందటి పేద ఆడవాళ్ళ బట్టలు చూడాలంటే ఇంగ్లండులో ఇంతకంటే పెద్ద నిధి లేదు. రాణుల పట్టుబట్టలు ఎవరైనా దాస్తారు. కూలిచేసుకునే మనిషి గౌను ముక్క మిగిలిందంటే, దాన్నొక బిడ్డ కోసం కత్తిరించింది కాబట్టే.

ఇంకో సంగతి. ఈ ఆనవాళ్ళు పిల్లలకి చూపించేవాళ్ళు కాదు. మా అమ్మ నాకోసం ఒక గుర్తు వదిలివెళ్ళింది అని కూడా తెలియకుండానే ఆ పిల్లలు పెరిగారు. నాకు ఇదొక్కటే మింగుడుపడదు.

తలుపు బార్లా తీస్తే ఎలా ఉంటుందో కూడా వాళ్ళు చూశారు. 1756లో పార్లమెంటు డబ్బిచ్చింది. షరతు ఒక్కటే, వచ్చిన ఏ బిడ్డనీ కాదనకూడదు. బంతులు తీసేశారు. గేటుకి బుట్ట కట్టారు. బిడ్డని బుట్టలో పెట్టి గంట కొట్టి వెళ్ళిపోవచ్చు. జూన్ 2న, మొదటి రోజే, 117 మంది బిడ్డలు. ఊళ్ళ నుంచి పసికందుల్ని గంపల్లో వేసుకుని డబ్బు తీసుకుని చేరవేసేవాళ్ళు బయల్దేరారు. కొందరు బిడ్డలు దారిలోనే పోయారు. పేదల బరువు దించుకోవాలని ఊరి అధికారులే పంపిన బిడ్డలూ ఉన్నారు. 1760లో పార్లమెంటు ఆపేసేనాటికి, నాలుగేళ్ళు కూడా నిండకుండానే, చేరినవాళ్ళు 14,934 మంది. పెరిగి పెద్దయి పనిలో చేరేదాకా బతికింది సుమారు 4,400 మంది.

ఈ అంకె పట్టుకుని, చూశారా, తలుపు తెరిస్తే ఇలాగే అవుతుంది అని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నేను ఒప్పుకోను. తలుపు తీయడం తప్పు కాదు. పాలిచ్చే దాదులు సరిపడా లేకుండా, దారిలో బిడ్డని చూసేవాళ్ళు లేకుండా, బుట్ట ఒక్కటే కట్టి చేతులు దులుపుకోవడం తప్పు.

బతికిన పిల్లల్ని పల్లెటూళ్ళలో దాదుల ఇళ్ళకి పంపేవాళ్ళు. నాలుగైదేళ్ళు అక్కడే. ఆమే అమ్మ, ఆ ఇల్లే ఇల్లు. తర్వాత బండెక్కించి మళ్ళీ లండన్. అంటే ఒక్కో బిడ్డా రెండుసార్లు అమ్మని పోగొట్టుకుంది. ఆ తర్వాత చదువు, చర్చి, పని. మగపిల్లలు ఓడల మీదికో, చేతిపనుల్లోకో. ఆడపిల్లలు ఇళ్ళలో పనికి.

డబ్బు ఎలా వచ్చేదంటారా, చిత్రకారుడు హోగార్త్ బొమ్మలిచ్చాడు, తోటి చిత్రకారుల చేత ఇప్పించాడు, పిల్లల యూనిఫాం కూడా ఆయన రూపకల్పనే. సంగీతకారుడు హాండెల్ 1750 నుంచి ఆశ్రమం ప్రార్థనాలయంలో ఏటా కచేరీ చేశాడు. బొమ్మలు చూడ్డానికీ పాట వినడానికీ నగరమంతా అక్కడికే వచ్చేది. కోరమ్ మాత్రం పాలకమండలితో పొసగక బయటికొచ్చేయాల్సి వచ్చింది. 1751లో పోతే, ఆ ప్రార్థనాలయంలోనే సమాధి చేశారు.

మన దగ్గర బిడ్డని వదిలే తంతు ఒకటుంది, గుర్తుందా? వరసగా పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరి బిడ్డో దొరికినట్టు ఎత్తుకుని, పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవాళ్ళు. ఎంగిలి విస్తట్లో దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. మాది కాదు అంటేనే బతుకుతుందని. బతికించుకోవడానికి బిడ్డని కాదనుకోవడం అంటే ఏంటో మన తాతమ్మలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇక ఇవాళ్టి సంగతి. బిడ్డని పెంచలేని పరిస్థితే వస్తే పొదల్లో వదలక్కర్లేదు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డని అప్పగించవచ్చు. వాళ్ళు మాట్లాడతారు, ధైర్యం చెప్తారు. అప్పగించాక కూడా మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువుంది. గత్యంతరం లేక వదిలిన కన్నవాళ్ళ మీద శిక్ష వద్దని అదే చట్టం చెప్తోంది. ఫోన్ నంబరు 1098. ఈ వీడియో ఇంకేమీ గుర్తులేకపోయినా ఆ నంబరు గుర్తుంచుకోండి, పక్కింటావిడకి చెప్పండి.

సరే, ఆ సగం గుండె దగ్గరికి వస్తాను.

1741 నుంచి 1760 దాకా చేరిన 16,282 మందిలో తల్లులు తిరిగొచ్చి తీసుకెళ్ళినవాళ్ళు 152 మందే. మిగతా ముద్రలు ఎవరూ విప్పలేదు. చార్లెస్ వచ్చింది ఆ తర్వాతి కాలంలో. ఆశ్రమంలో వాడి పేరు బెంజమిన్ ట్విర్ల్. 1775 జూన్‌లో సారా బెండర్ అనే మనిషి గేటు దగ్గరికొచ్చింది. ఎనిమిదేళ్ళు ఆ మిగతా సగం దాచుకున్న ఆమె, నా బిడ్డని నాకివ్వండి అంది. బిడ్డ బతికే ఉన్నాడు. ఇచ్చేశారు.