మీ ఈఎంఐ పెద్దగా పెరగలేదా? అయితే అసలు దెబ్బ మీకే తగిలింది!

నమస్తే వైజాగ్! ఇంటి లోన్లు ఉన్నవాళ్ళకి ప్రభుత్వం సాయం చెయ్యాలని పోయిన వీడియోలో అన్నాను. కామెంట్లలో కొందరు గట్టిగానే వేసుకున్నారు. "రెపో రేటు తగ్గింది కదా, ఇంకా సాయం ఏంటి?" అని. రెపో అంటే రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు. సరే, ఇవాళ అదే తేలుద్దాం.

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5 శాతానికి ఎక్కింది. రెపోకి ముడిపెట్టిన లోను 6.5 శాతం ఉంటే 9 అయింది. 30 లక్షలు, 20 ఏళ్ళు, పాత ఈఎంఐ 22,367. మరి 30 లక్షల మీద 9 శాతం లెక్కన ఒక నెల వడ్డీ ఎంతో తెలుసా? 22,500! కట్టేదానికంటే వడ్డీయే ఎక్కువ! తీసుకున్న అసలులో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

మరి ఎవరూ ఎందుకు అరవలేదు? నా మాట వినండి. బ్యాంకులు ఈఎంఐ కొంచెమే పెంచి, లోను తీరే గడువు జరిపేశాయి కాబట్టి! ఎంవీపీ కాలనీ రైతుబజార్లో ఉల్లిపాయ కిలోకి పది రూపాయలు పెరిగితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. గడువు ఐదేళ్ళు పెరిగితే ఇంట్లో భార్యకి కూడా తెలీదు. కనిపించని బాధకి ఏ ప్రభుత్వమూ డబ్బులివ్వదు. ఇదే నేను చెప్పేది.

మా పక్కింటి బాబాయ్ ఆటోనగర్లో లేత్ మిషన్ మీద పని చేస్తారు. 2021లో 20 లక్షలు తీసుకున్నారు, అప్పటికి ఆయనకి 44. ఈఎంఐ రెండు వేల లోపే పెంచారు, గడువు 2041 నుంచి 2046కి జరిపారు. 69 ఏళ్ళ దాకా కట్టాలి! ఆ సంగతి ఇంగ్లీషు మెసేజ్‌లో వచ్చింది. దాన్ని ఆయనకి చదివి చెప్పింది నేనే. "అప్పటికి నా చేతులు మిషన్ పట్టుకుంటాయా రా?" అన్నారు. నాకు మాట రాలేదు.

ప్రభుత్వ సాయం లేదా అంటే, ఉంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0. మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, మొత్తం 1.80 లక్షల దాకా. కానీ ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. మధురవాడలో ఆ రేటుకి మంచి డబుల్ బెడ్‌రూం చూపించండి, నేనే వచ్చి వీడియో తీస్తాను! అది పక్కన పెట్టండి. అసలు షరతు వేరే ఉంది: 2024 సెప్టెంబర్ 1 తర్వాత మంజూరైన లోనే కావాలి. అంటే రేట్లు పెరిగినప్పుడు మునిగినవాళ్ళెవరికీ రాదు! కొత్తగా కొనేవాడికి చెయ్యి అందించారు, నీళ్ళలో ఉన్నవాడిని వదిలేశారు.

పన్నులో చూద్దామా? సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి మినహాయింపు 2 లక్షలు, 2014లో పెట్టిన హద్దు. కొత్త పన్ను విధానంలో అదీ లేదు, సున్నా!

ఇక రెపో తగ్గింది అన్నవాళ్ళకి. నిజమే, 2025 డిసెంబర్‌కి 5.25కి వచ్చింది. కానీ అంతకుముందు రెండేళ్ళు 6.5 దగ్గరే కూర్చుంది కదా? ఆ రెండేళ్ళు కట్టిన వడ్డీ ఎవరు తిరిగిస్తారు? పైగా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల్లో, అంటే బ్యాంకులు కాకుండా ఇంటి లోన్లిచ్చే సంస్థల్లో తీసుకున్నవాళ్ళకి, రెపో తగ్గినా లోను రేటు దానంతటదే తగ్గదు. ఆ రేటు ఆ కంపెనీల చేతిలోనే ఉంటుంది. గాజువాక, పెందుర్తి వైపు అలాంటి లోన్లున్న వాళ్ళు నాకే ఎంతోమంది తెలుసు.

నేను అడిగేది ఒక్కటే. ఆ 4 శాతం రాయితీని 2022కి ముందు లోన్లకీ ఇవ్వండి!

అప్పటిదాకా ఒక పని చెయ్యండి. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా అని మిమ్మల్ని అడగాలని 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే చెప్పింది. మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్ ఇవ్వాలని కూడా చెప్పింది. రేపే వెళ్ళి తీసుకోండి. ఎన్ని వాయిదాలు మిగిలాయో చూసి, ఆ సంఖ్య ఒక్కటే కింద కామెంట్‌లో పెట్టండి. అన్నీ కలిపి వచ్చే వీడియోలో చదువుతాను. బాబాయ్‌ది కూడా.